ఆటలు అన్నం పెడతాయా?

సాయంత్రం అయిదు గంటలైంది. విశాఖపట్నంలో అదొక కొండవాలు పేట. కుళాయి వచ్చే వేళ. బిందెలు వరసగా ఉన్నాయి. పక్కనే మెట్ల మీద పిల్లలు దాగుడుమూతలు ఆడుతున్నారు. ఒకడు కళ్లు మూసుకుని అంకెలు చెబుతున్నాడు. మిగతా వాళ్లు దాక్కోవడానికి పరుగెడుతున్నారు. ఇంతలో ఒక అమ్మ కేక వేసింది.

"ఒరేయ్! ఎంతసేపురా ఆ ఆటలు? ఆటలాడితే ఏటొస్తాది? ఆటలు అన్నం పెడతాయా?"

పిల్లాడు తల వంచుకుని ఇంట్లోకి పోయాడు. ఆట ఆగిపోయింది.

ఈ మాట ఒక్క ఇంటిది కాదు. రేవులో కూలికి పోయే వాళ్ల ఇంట్లో వినిపిస్తుంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊరంతా తిరిగే అమ్మ ఇంట్లో వినిపిస్తుంది. ఉక్కు కర్మాగారంలో పని చేసే వాళ్ల ఇంట్లోనూ వినిపిస్తుంది. ఆ అమ్మ తప్పేమీ లేదు. తాను పడ్డ కష్టం బిడ్డ పడకూడదని ఆమె కోరిక.

మరి ఆటలు అన్నం పెడతాయా? పెట్టవు. కానీ తిన్న అన్నాన్ని ఒంటికి పట్టిస్తాయి. నలుగురితో కలిసి బతకడం నేర్పుతాయి. పేటలో ఇరుగు పొరుగును దగ్గర చేస్తాయి. ఇది నిజమో కాదో లెక్క కట్టి చూడవచ్చు. ఆ లెక్క పెద్ద చదువులు చదివిన వాళ్లే కట్టాలని లేదు. కొత్తగా చదువు నేర్చిన అమ్మలు కూడా కట్టవచ్చు.

పిల్లల సొంత ఆట

ఆటలు రెండు రకాలు. బడిలో మాస్టారు ఈల ఊది ఆడించే ఆట ఒకటి. పిల్లలు తమంతట తాము ఆడుకునే ఆట మరొకటి. రెండో దానికి రుసుము లేదు. ఈల లేదు. బహుమతి లేదు. ఏం ఆడాలో పిల్లలే అనుకుంటారు. ఎప్పుడు ఆపాలో కూడా వాళ్లకే తెలుసు. దీన్నే స్వేచ్ఛగా ఆడే ఆట అంటారు.

ఏడు పెంకులాట చూడండి. పగిలిన కుండ పెంకులు ఏరతారు. పెద్దది కింద, చిన్నది పైన పేర్చుతారు. రెండు జట్లుగా చీలుతారు. బంతితో కొడతారు. "అవుట్!" అని ఒకడు, "కాదు!" అని ఇంకొకడు. కాసేపు గొడవ. మళ్లీ వాళ్లే తీర్పు చెప్పుకుంటారు. ఎందుకంటే గొడవ తెగకపోతే ఆట సాగదు. ఇంత చిన్న ఆటలో లెక్క ఉంది, గురి ఉంది, పరుగు ఉంది, మాట నిలబెట్టుకోవడం ఉంది.

ఇంకొక ముచ్చట. నాలుగేళ్ల చిన్నది "నేనూ ఆడతా" అని ఏడుస్తుంది. పెద్ద పిల్లలు దాన్ని తరిమెయ్యరు. "ఇది అరటిపండు" అంటారు. ఆటలో అరటిపండు అంటే ఆడుతుంది కానీ అవుట్ కాదు. చిన్నవాళ్లను కలుపుకుని పోవడానికి పిల్లలే ఈ పద్ధతి పెట్టుకున్నారు. పెద్దలెవరూ చెప్పలేదు.

ఒంటికి ఎంత మేలు?

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒగర్చేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పరుగు, గెంతు, ఎక్కడం, దిగడం అన్నీ ఇందులోకి వస్తాయి. తొక్కుడు బిళ్ల, చెడుగుడు, కోతికొమ్మచ్చి ఆడే పిల్లలకు ఇది వేరే వ్యాయామం అక్కర్లేకుండానే దొరుకుతుంది.

కళ్లకు కూడా మేలే. చైనాలో గ్వాంగ్‌జౌ అనే పెద్ద నగరం ఉంది. అక్కడ డాక్టర్లు 12 బడులు తీసుకున్నారు. 6, 7 ఏళ్ల పిల్లలను చూశారు. 6 బడుల్లో బడి ఉన్న రోజల్లా 40 నిమిషాలు అదనంగా పిల్లలను ఆరుబయటికి తీసుకెళ్లారు. మిగతా 6 బడులు ఎప్పటిలాగే నడిచాయి. మూడేళ్లు గడిచాయి.

ఎప్పటిలాగే నడిచిన బడుల్లో 100 మందిలో సుమారు 40 మందికి కొత్తగా దూరపు చూపు మసకబారింది. అంటే బోర్డు మీద అక్షరాలు కనపడక అద్దాలు అవసరమయ్యే జబ్బు. ఆరుబయట గడిపిన బడుల్లో అది 100 మందిలో సుమారు 30 మందికే వచ్చింది. తేడా దాదాపు 10 మంది. ఈ లెక్క 2015లో బయటికి వచ్చింది. వెలుతురులో గడపడం పిల్లల కళ్లకు మంచిదని దీనివల్ల తెలిసింది.

డాక్టర్లు ఇక్కడ ఏం చేశారు? ఊరికే "ఆరుబయట మంచిది" అనలేదు. రెండు జట్లను పోల్చి చూశారు. మొదట లెక్క పెట్టారు. తర్వాత మళ్లీ లెక్క పెట్టారు. మేలును కొలవడం అంటే అదే.

వీధికి ఎంత మేలు?

ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊరుంది. అదీ రేవు పట్నమే. అక్కడ కార్లు ఎక్కువై పిల్లలు వీధిలోకి రావడం మానేశారు. 2009లో ఒకే వీధిలో ఉండే ఇద్దరు తల్లులు ఒక ఆలోచన చేశారు. నగరపాలక సంస్థ అనుమతి తీసుకున్నారు. బడి వదిలాక కాసేపు తమ వీధిలోకి బండ్లు రాకుండా ఆపారు. పిల్లలు బయటికి వచ్చి ఆడారు. ఆ పద్ధతి ఆ ఊరిలో వేరే వీధులకు, తర్వాత వేరే ఊళ్లకు పాకింది.

విశ్వవిద్యాలయం వాళ్లు వచ్చి పిల్లల ఒంటికి చిన్న పరికరాలు కట్టి చూశారు. వీధి తెరిచిన రోజున పిల్లలు మామూలు రోజు కన్నా ఎక్కువగా కదిలారు. పెద్దవాళ్లను కూడా అడిగారు. "ఇప్పుడు మా వీధిలో ఎక్కువ మంది తెలుసు" అని చాలామంది చెప్పారు. పిల్లలు ఆడుతుంటే పెద్దలు గుమ్మంలోకి వచ్చారు. గుమ్మంలోకి వచ్చిన వాళ్లు పలకరించుకున్నారు.

ఇది తెలుగు పేటలకు కొత్త సంగతి కాదు. అరుగు మీద నాయనమ్మ కూర్చుంటే వీధిలో పిల్లలందరికీ ఆమే కాపలా. తేడా ఒక్కటే. అక్కడ దాన్ని కొలిచి కాగితం మీద పెట్టారు. ఇక్కడ ఎవరూ కొలవలేదు. కొలవనిది పోయినా ఎవరికీ తెలియదు.

విశాఖలో చోటు ఏమైంది?

విశాఖపట్నం ఒకప్పుడు చిన్న ఊరు. 1933లో ఓడరేవు మొదలైంది. పని కోసం జనం వచ్చారు. 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. 1992లో దాన్ని జాతికి అంకితం చేశారు. దాని కోసం వేల కుటుంబాలు భూములూ ఇళ్లూ వదులుకుని గాజువాక చుట్టుపక్కల పునరావాస కాలనీలకు వచ్చాయి. ఊళ్లలో చెరువు గట్టు, తోటలు, కళ్లం పిల్లల ఆటస్థలాలు. కాలనీలో ఉన్నది ఇంటి జాగా, దాని ముందు రోడ్డు.

2005లో గాజువాకను కూడా కలిపి మహా విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడింది. దాన్నే జివిఎంసి అంటారు. 2011 జనాభా లెక్కల్లో నగర జనం 17 లక్షలు దాటారు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కొండలు. మధ్యలో రేవు, ఫ్యాక్టరీలు. జాగా గజాల లెక్కన అమ్ముడవుతోంది. ఇల్లు దొరకని పేదలు కొండ మీదికి ఎక్కారు. అక్కడ పిల్లలకు మెట్లే మైదానం.

పాత ఊరు, జ్ఞానాపురం వైపు బొగ్గు దుమ్ము పడుతోందని జనం ఎన్నో ఏళ్లుగా మొర పెట్టుకుంటున్నారు. పెద్ద రోడ్ల పక్కన ఉన్న కాలనీల్లో లారీల భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి నగరంలో చెట్లను కూల్చేసింది. చెట్టు పోతే నీడ పోయింది. నీడ పోతే మధ్యాహ్నపు ఆట పోయింది.

"అంత పెద్ద బీచి ఉంది కదా!" అని అనవచ్చు. నిజమే. బీచి రోడ్డులో పార్కులున్నాయి. ఉక్కునగరంలో ఆటస్థలాలున్నాయి. కానీ గాజువాక పిల్లకు ఆర్‌కే బీచి బస్సెక్కి పోవాల్సిన దూరం. ఆరేళ్ల బిడ్డ రోజూ పోలేదు. పిల్లలకు కావలసింది అమ్మ పిలిస్తే వినపడేంత దూరంలో చోటు. అది పది గజాలున్నా చాలు, రోజూ ఉండాలి.

చట్టంలో ఏముంది?

ఆట పిల్లల హక్కు. 1989లో ఐక్యరాజ్య సమితి చేసిన బాలల హక్కుల ఒప్పందంలో 31వ అంశం ఈ మాటే చెబుతుంది. 1992లో భారతదేశం ఆ ఒప్పందాన్ని అంగీకరించింది. 2009లో వచ్చిన విద్యా హక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటోంది. ప్రతి తరగతికీ ఆట వస్తువులు ఇవ్వాలంటోంది. అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆటల ద్వారానే చదువు చెప్పాలి. 2024 నుంచి ఏటా జూన్ 11ను ప్రపంచమంతా ఆటల దినంగా జరుపుతోంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. లేఅవుట్ వేసి ప్లాట్లు అమ్మేటప్పుడు నూటికి పది వంతుల జాగా అందరి కోసం ఖాళీగా వదలాలి. ఆంధ్రప్రదేశ్ 2017 నాటి లేఅవుట్ నిబంధనల్లో ఈ మాట ఉంది. ఆ జాగా నగరపాలక సంస్థకు అప్పగించాలి. అంటే కాలనీలో "ఖాళీ స్థలం" ఎవరిదీ కాని స్థలం కాదు. అందరిదీ అయిన స్థలం కావచ్చు. ఈ సంగతి తెలియక చాలాచోట్ల ముందు చెత్త పడుతుంది. తర్వాత బండ్లు నిలుస్తాయి. ఆ తర్వాత కంచె పడుతుంది. అప్పటికి పిల్లలు ఆడుకోవడం మరిచిపోయి ఉంటారు.

మూడు ప్రశ్నలు

బ్రిటన్‌లో వేల్స్ అనే చిన్న దేశం ఉంది. అక్కడా బొగ్గు, ఉక్కు, రేవు ఊళ్లున్నాయి. అక్కడ 2010లో ఒక చట్టం చేశారు. ప్రతి ప్రాంతంలో పిల్లలకు ఆడుకునే వీలు చాలినంత ఉందా లేదా అని స్థానిక ప్రభుత్వమే మూడేళ్లకొకసారి లెక్క చూడాలి. 2012 నుంచి ఇది అమలులో ఉంది. ఆ పరిశీలన అంతా ఈ మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

ఆడుకోవడానికి చోటు ఉందా?
ఆడుకోవడానికి తీరిక ఉందా?
ఆడుకోవడానికి పెద్దలు ఒప్పుకుంటున్నారా?

ఈ మూడూ ఉంటేనే ఆట. చోటు ఉండి ట్యూషన్ వల్ల తీరిక లేకపోతే ఆట లేదు. తీరిక ఉన్నా "పెద్దపిల్లవయ్యావు, బయటికి పోకు" అంటే ఆట లేదు.

అమ్మలు కట్టే లెక్క

ఒక పేటలో పది మంది అక్కలు కలిశారనుకుందాం. వాళ్ల దగ్గర ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, కాస్త ముగ్గుపిండి ఉన్నాయి. ఇంతకన్నా ఏమీ అక్కర్లేదు.

మొదటి పని పటం వెయ్యడం. నేల మీద ముగ్గుతో పేట పటం గీస్తారు. ఇళ్లు, కుళాయి, అంగన్‌వాడీ, మురుగు కాలువ, లారీలు తిరిగే రోడ్డు. తర్వాత పిల్లలను పిలిచి "మీరెక్కడ ఆడతారు?" అని అడుగుతారు. పిల్లలు ఆ చోట గులకరాయి పెడతారు. "ఎక్కడ భయం?" అంటే చిల్లపెంకు పెడతారు. పెద్దలకు తెలియని చోట్లు అప్పుడు తెలుస్తాయి. ఆ పటాన్ని కాగితం మీదికి ఎక్కిస్తారు.

రెండో పని తలలు లెక్కపెట్టడం. పాల లెక్కకు గోడ మీద బొగ్గుతో గీతలు గీసినట్టే. నాలుగు నిలువు గీతలు, అయిదోది అడ్డగీత. ఒక కట్ట అంటే అయిదుగురు. వారం రోజులు, రోజూ సాయంత్రం అయిదు గంటలకు, అదే ఖాళీ జాగాలో లెక్కపెట్టాలి. ఒకే పిల్లను రెండుసార్లు లెక్కపెట్టకూడదు. మగపిల్లలకు ఒక వరస, ఆడపిల్లలకు ఒక వరస.

వాళ్ల పుస్తకంలో ఇలా వచ్చిందనుకుందాం. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు.

సోమవారం: మగపిల్లలు 14, ఆడపిల్లలు 5
మంగళవారం: మగపిల్లలు 16, ఆడపిల్లలు 6
బుధవారం: మగపిల్లలు 15, ఆడపిల్లలు 5
గురువారం: మగపిల్లలు 17, ఆడపిల్లలు 7
శుక్రవారం: మగపిల్లలు 16, ఆడపిల్లలు 6
శనివారం: మగపిల్లలు 22, ఆడపిల్లలు 9
ఆదివారం: మగపిల్లలు 26, ఆడపిల్లలు 11

మగపిల్లలను కూడితే 126. దాన్ని 7 రోజులతో భాగిస్తే 18. ఆడపిల్లలను కూడితే 49. 7తో భాగిస్తే 7. అంటే రోజుకు సగటున 18 మంది మగపిల్లలు, 7గురు ఆడపిల్లలు వస్తున్నారు. మొత్తం 25 మంది.

ఇప్పుడు ఇంటింటికీ తిరిగి చూశారు. పేటలో ఆడే వయసు మగపిల్లలు 30 మంది. ఆడపిల్లలూ 30 మందే. మరి ఆ వేళకు మిగతా 23 మంది ఆడపిల్లలు ఎక్కడ? లెక్క కట్టకముందు ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు. "పిల్లలు ఆడుకుంటున్నారు" అనే అందరూ అనుకున్నారు.

వెంటనే ఒక మాటకు రాకూడదు. కొందరు వేరే చోట ఆడుతుండవచ్చు. కాబట్టి మూడో పని అడగడం. ఒక పిల్ల అంటుంది, "నేను నీళ్ల వరసలో ఉంటాను." ఇంకొక పిల్ల అంటుంది, "తమ్ముణ్ణి ఎత్తుకోవాలి." మరొక పిల్ల, "చోటంతా అన్నలు క్రికెట్‌కే తీసుకుంటారు." ఇంకొకతె, "ఆ సందులో దీపం లేదు. తాగినోళ్లు కూర్చుంటారు." కాలు సరిగా లేని ఒక బాబు అంటాడు, "కాలవ దాటి రాలేను."

ప్రతి జవాబులోనూ ఒక పని దాగి ఉంది. నీళ్ల బిందె అన్న కూడా మొయ్యవచ్చు. చోటును రెండు భాగాలు చేసుకోవచ్చు. కాలవ మీద నాపరాయి వెయ్యవచ్చు. సాయంత్రం ఇద్దరేసి అమ్మలు వంతుల వారీగా అక్కడే కూర్చుని కూర ఏరుకోవచ్చు. దీపం కోసం అర్జీ పెట్టవచ్చు.

నాలుగో పని మూడు నెలల తర్వాత మళ్లీ అదే వేళకు, అదే చోట లెక్క కట్టడం. 7గురు ఆడపిల్లలు 13 మంది అయితే మార్పు వచ్చినట్టే. దానితో పాటు ఒక్కొక్క అమ్మను అడగాలి: "వీధిలో ఎంతమంది పిల్లల పేర్లు నీకు తెలుసు? అవసరం వస్తే బిడ్డను ఎన్ని ఇళ్లలో వదలగలవు?" మొదటిసారి ఆమె రెండు ఇళ్లు చెప్పి, ఈసారి అయిదు చెబితే, పేటకు కలిగిన మేలు అదే. దాన్నీ పుస్తకంలో రాయాలి.

కొన్ని జాగ్రత్తలు

వానలు, పరీక్షలు, పండగలు ఉన్న వారం లెక్క తేడాగా వస్తుంది. పక్కనే ఆ సంగతి రాసుకోవాలి.

పిల్లలకు మార్కులు పెరిగితే "అంతా ఆట వల్లే" అనకూడదు. మంచి తిండి, మంచి టీచరు, ఆరోగ్యం కూడా కారణాలు కావచ్చు. తెలిసినంతే రాయాలి.

పుస్తకం పట్టుకుని పిల్లల నెత్తిన నిలబడకూడదు. పెద్దలు అదే పనిగా చూస్తుంటే ఆట చచ్చిపోతుంది. దూరంగా కూర్చుని గీతలు పెట్టుకోవాలి. "ఇలా ఆడు, అలా ఆడు" అని చెప్పకూడదు. మోకాలు గీరుకుంటే కడిగి పంపాలి. గాజుపెంకులు, తెగిన కరెంటు తీగలు, మూతలేని మురుగు గుంతలు మాత్రం ఉండనివ్వకూడదు.

లెక్క చేతిలో ఉంటే

అక్కలు జివిఎంసి ఆఫీసుకు పోయి "అయ్యా, పిల్లలకు ఇబ్బందిగా ఉంది" అంటే "చూద్దాం అమ్మా" అంటారు. అదే, "ఈ జాగాలో రోజూ 25 మంది పిల్లలు ఆడుతున్నారు. దీపం లేక 9 మంది ఆడపిల్లలు రాలేకపోతున్నారు. ఇదిగో పటం, ఇదిగో వారం లెక్క" అని అర్జీ ఇస్తే సంగతి వేరు. అర్జీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆ జాగా లేఅవుట్‌లో అందరి కోసం వదిలినదో కాదో తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న వాళ్లకు దానికి రుసుము లేదు.

కంచె పడ్డాక పోరాటం కష్టం. కంచె పడకముందే, "ఇక్కడ పిల్లలు ఆడుతున్నారు" అని రాత ఉండాలి. ఆ రాత రాయగలిగిన చేతులు ఇప్పుడు పేటలోనే ఉన్నాయి. నిన్నటిదాకా వేలిముద్ర వేసిన చేతులు అవి.

మళ్లీ సాయంత్రం అయిదవుతుంది. మెట్ల మీద అంకెలు వినపడతాయి. "ఒకటి, రెండు, మూడు..." దాక్కున్న వాళ్లను వెతకడానికి పిల్లాడు లెక్కపెడుతున్నాడు. అరుగు మీద అమ్మ కూడా లెక్కపెడుతోంది. ఆటకు రాని పిల్లలు ఎందరో ఆమెకు తెలియాలి.

చదివాక మాట్లాడుకోండి

1. మీ చిన్నప్పుడు ఎక్కడ ఆడుకున్నారు? ఇప్పుడు ఆ చోట ఏముంది?
2. మీ వీధిలో సాయంత్రం అయిదింటికి ఆడేవాళ్లు ఎందరు? అందులో ఆడపిల్లలు ఎందరు?
3. మీ ఇంట్లో అమ్మాయికి, అబ్బాయికి ఆడుకునే తీరిక సమానంగా ఉందా?
4. మీ పేటలో అందరి కోసం వదిలిన జాగా ఏది? దాని పటం వెయ్యండి.